కాళ్ళ పులుసు వాసన: ముక్కును ఎంతవరకు నమ్మవచ్చు?

ఆదివారం పొద్దున మీరు రఘునాథపల్లిలో బస్సు దిగి ఇంటికి నడిచి వెడుతున్నారనుకోండి. ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక ఇంటి ముందుకు రాగానే నోరూరుతుంది. నాలుగడుగులు వేసి ఇంకో ఇంటి ముందుకు వచ్చేసరికి ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. తీరా చూస్తే రెండిళ్ళలోనూ పొయ్యి మీద ఉన్నవి మేకకాళ్ళే! ఒకే దుకాణంలో కొన్నవే కావచ్చు. మసాలా కూడా ఇంచుమించు ఒకటే. మరి ఒక ఇంట్లో కమ్మగా, మరో ఇంట్లో కంపుగా ఎందుకు ఉన్నట్టు?

ఇది వంటల పేజీకి వెళ్ళవలసిన ప్రశ్న కదా, ఆరోగ్యం శీర్షికలో దీనికేం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. కాలు విరిగిన మామగారి కోసం కోడలు ఈ పులుసు కాస్తుంది. ఆ కోడలికే మూడో నెల అయితే ఆ వాసనకు ఆమె కడుపులో తిప్పుతుంది. మిగిలిన పులుసు రాత్రంతా పొయ్యి మీదే ఉండిపోతుంది. పొద్దున మూత తీసి వాసన చూసి, “బాగానే ఉందిలే” అని వేడిచేసి అందరికీ పోస్తారు. కంపు కొట్టే వేళ కంగారుపడే మనం, కంపు లేని వేళ నిశ్చింతగా ఉంటాం. నిజానికి భయపడవలసింది ఆ రెండో వేళలోనే. అక్కడికి తరవాత వద్దాం. ముందు ఆ కంపు సంగతి చూద్దాం.

కంపు ఎక్కడనుంచి వస్తుంది?

మేక మాంసానికి ఉండే ప్రత్యేకమైన వాసన కండలోకన్నా కొవ్వులో ఎక్కువ. ఆ కొవ్వులో కొన్ని రకాల ఆమ్లాలు ఉంటాయి. అవి వేడి తగలగానే ఆవిరితోపాటు లేచి ముక్కుకు తగులుతాయి. మోతాదు ఎంత స్వల్పమైనా మనిషి ముక్కు వాటిని పసిగట్టేస్తుంది. రసాయన శాస్త్రంలో కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అని మూడు ఆమ్లాలున్నాయి. లాటిన్ భాషలో ‘కాప్రా’ అంటే మేక. వాటి వాసన చూసినవారికి మేకే గుర్తుకొచ్చి ఆ పేర్లు పెట్టారు! ఈడొచ్చిన మేకపోతులో ఈ వాసన మరీ ఎక్కువ. చిన్నతనంలోనే విత్తులు కొట్టించిన పోతులో తక్కువ. మేకపోతు తలలో, కొమ్ముల మొదళ్ళ వెనక వాసన గ్రంథులు ఉంటాయి. తలకాయ కూర వండేవారు అక్కడి చర్మాన్ని తీసివేయించుకుంటే సగం బాధ తప్పుతుంది. అలాగే గొర్రెకాళ్ళలో గిట్టల చీలికకు పైన ఒక చిన్న సంచీలాంటి గ్రంథి ఉంటుంది. దానిలో జిడ్డులాంటి పదార్థం పేరుకొని ఉంటుంది. కాళ్ళు కొట్టే అతన్ని అడిగితే క్షణంలో కోసి తీసేస్తాడు. అడగనివారికి అది పులుసులోకే వస్తుంది.

రెండోది నెత్తురు. ఎముకల చివర్లలోనూ మూలుగలోనూ నెత్తురు నిలిచి ఉంటుంది. నెత్తురులోని ఇనుము కొవ్వును త్వరగా చెడగొడుతుంది. అందుకే కొట్టించి తెచ్చిన కాళ్ళను మధ్యాహ్నం దాకా గిన్నెలో అలా వదిలేస్తే, పొద్దున లేని వాసన అప్పటికి తయారవుతుంది.

మూడోది కాల్చిన వెంట్రుకల కంపు. కాళ్ళను మంటమీద కాల్చి, గీకి ఇస్తారు కదా. వెంట్రుకల్లో గంధకం ఉన్న మాంసకృత్తు ఉంటుంది. అది కాలితే వచ్చే కంపు మీకు తెలిసిందే. సరిగా గీకకపోతే ఆ మసి, ఆ మొదళ్ళు అన్నీ పులుసులో దిగుతాయి. ఇక్కడ మాత్రం నేను కాస్త గట్టిగానే చెప్పదలచుకున్నాను. కాళ్ళనుగాని తలకాయనుగాని కట్టెల మంటమీదో గ్యాసు మంటమీదో కాల్చినవైతే తీసుకోండి. కిరసనాయిలు వాసనగాని కాలిన రబ్బరు వాసనగాని వస్తే మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చేయండి. పాత టైరు ముక్కలు మండించి కాలిస్తే ఆ పొగలోని విషపదార్థాలు చర్మానికి అంటుకుంటాయి. వాటిలో కాన్సరును కలిగించేవి కూడా ఉంటాయి. నాలుగుసార్లు కడిగినా అవి పూర్తిగా పోతాయన్న నమ్మకం లేదు.

మొదటి నీళ్ళు పారబోయండి

కంపు కొట్టే ఇంట్లో సాధారణంగా జరిగేది ఇది. కాళ్ళు కడిగి, పసుపూ ఉప్పూ అల్లం ఎల్లిగడ్డ ముద్దా పట్టించి, నేరుగా కుక్కరులో వేసి, ఎనిమిదో పదో కూతలు రానిస్తారు. నెత్తురు గడ్డకట్టి, కొవ్వుతో కలిసి, మసాలాతో కలిసి, ఆ కూతలతోపాటు ఇల్లంతా తిరుగుతుంది. అప్పుడు ఇల్లాలు ఏం చేస్తుంది? ఇంకో రెండు లవంగాలు, ఇంకో చెంచా గరం మసాలా. కంపు పోదు. పైన ముసుగు పడుతుంది, అంతే. తిన్నవారికి మాత్రం ఛాతీలో మంట మిగులుతుంది.

కమ్మని వాసన వచ్చే ఇంట్లో చేసే పని ఒక్కటే వేరు. కాళ్ళను ముందు గోరువెచ్చని నీళ్ళలో కాస్త ఉప్పు వేసి రుద్ది కడుగుతారు. గిట్టల సందుల్లో, కీళ్ళ మడతల్లో కత్తి మొనతో గీకుతారు. ఆ తరవాత పెద్ద గిన్నెలో చన్నీళ్ళు పోసి, అందులో కాళ్ళు వేసి, పొయ్యి మీద పెడతారు. చన్నీళ్ళతో మొదలుపెట్టడం ముఖ్యం. నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతుంటే లోపలి నెత్తురు బయటికి వస్తుంది. మరిగే నీళ్ళలో ఒక్కసారిగా వేస్తే పైపొర బిగుసుకుని అది లోపలే ఉండిపోతుంది. పొంగు వచ్చాక ఐదు నుంచి పది నిమిషాలు ఉడకనిస్తే బూడిద రంగు నురుగు, మడ్డి పైకి తేలుతాయి. అప్పుడు మొహమాటం లేకుండా ఆ నీళ్ళన్నీ పారబోయాలి. కాళ్ళను ఒక్కొక్కటీ పంపు కింద పెట్టి రుద్ది కడగాలి. గిన్నె కూడా తోమాలి. అసలు వంట అప్పుడు మొదలవుతుంది.

“సత్తువంతా ఆ నీళ్ళలోనే పోతుంది కదా!” అని పెద్దవాళ్ళు అడ్డుపడతారు. పోదు. పది నిమిషాల్లో బయటికి వచ్చేది నెత్తురు, మురికి, కొంచెం కొవ్వు. పులుసుకు చిక్కదనం ఇచ్చే జిగురు పదార్థం కీళ్ళ దగ్గరి నరాల నుంచి, చర్మం నుంచి దిగడానికి గంటలు పడుతుంది. అది రెండో నీళ్ళలోనే దిగుతుంది.

రెండోసారి మంట చిన్నగా ఉండాలి. గిన్నె నడిమధ్య ఒకటి రెండు బుడగలు లేస్తూ ఉంటే చాలు. తెర్లించి తెర్లించి మరిగిస్తే కొవ్వు చిన్న చిన్న బొట్లుగా విరిగి నీళ్ళలో కలిసిపోతుంది, పులుసు మసకబారుతుంది, వాసన కూడా పెరుగుతుంది. పైకి తేలిన నురుగును గరిటెతో తీసివేస్తూ ఉండాలి. మొదటి అరగంట మూత కాస్త ఓరగా పెట్టండి. అంతసేపు గ్యాసు ఖర్చు భరించలేమంటే కుక్కరు వాడుకోవచ్చు, తప్పు లేదు. అయితే మొదటి నీళ్ళు పారబోశాకే వాడాలి. మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. పూర్తి ఆవిరి పట్టగానే మంట తగ్గించాలి. చిన్న ఎముక ముక్కలు, మడ్డి వెళ్ళి ఆవిరి గొట్టానికి అడ్డుపడితే కుక్కరు ప్రమాదకరమవుతుంది. కాబట్టి వండే ముందు ఆ రంధ్రంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

చింతపండు సంగతి ఒక మాట. చేపల పులుసులో చింతపండు వాసనను నిజంగానే అణుస్తుంది. చేప నీచుకు కారణమైన పదార్థం క్షార స్వభావం కలది. పులుపు తగలగానే అది ఆవిరై లేవలేకపోతుంది. మేక వాసనకు కారణం ఆమ్లాలు కాబట్టి ఆ ఉపాయం ఇక్కడ పారదు. కాళ్ళ పులుసులో చింతపండు రుచికోసం వేసుకోండి, వాసన కోసం కాదు.

వియత్నాం వారి గిన్నెలోనూ ఇదే కథ

ఈ మధ్య పట్నాల్లో చదువుకునే పిల్లలు, అమెరికాలో ఆస్ట్రేలియాలో ఉంటున్న మనవాళ్ళు ‘ఫో’ అనే వియత్నాం నూడుల్సు సూపు ఇంట్లో వండుకుంటున్నారు. 20వ శతాబ్దం మొదట్లో ఉత్తర వియత్నాంలో రూపుదిద్దుకున్న వంటకం అది. ఎముకలు గంటలకొద్దీ కాచి, ఆ రసాన్ని బియ్యపు నూడుల్సు మీద పోస్తారు. ఎముకలు పశువులవో కోడివో అవుతాయి గాని, వరస చూస్తే మన కాళ్ళ పులుసుకు దగ్గరి చుట్టమే. వండిన రెండు రోజుల దాకా అపార్టుమెంటులో వాసన పోలేదనీ, పక్కింటివారు ముఖం చిట్లించారనీ మీ అబ్బాయో కోడలో ఫోనులో మొరపెట్టుకుంటే, మీరు ఇక్కడనుంచే వైద్యం చెప్పవచ్చు. “మొదటి నీళ్ళు పారబోశావా, నాయనా?” అని అడగండి. వియత్నాం ఇల్లాళ్ళు కూడా ఎముకలను ముందు ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్ళు వంపి, ఎముకలు కడిగాకే అసలు కాపు మొదలుపెడతారు. ఉల్లిగడ్డనూ అల్లాన్నీ నిప్పులమీద నల్లగా కాల్చి, పొట్టు తీసి వేస్తారు. మన వైపు మాంసం కూరకు ఉల్లిగడ్డ కాల్చి నూరే ఇళ్ళు ఉన్నాయి కదా, అదే కిటుకు. ఇక మనం బిర్యానీలో వేసే అనాసపువ్వు వారికి ముఖ్యమైన దినుసు. వియత్నాం ఉత్తరాన లాంగ్ సాన్ ప్రాంతంలో అది పండుతుంది కూడా.

వారి వంటలో ఇంకో వాసన ఉంది. చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం. అలవాటు లేనివారికి మన ఎండుచేపల బుట్ట గుర్తుకొస్తుంది. దాన్ని మొదట్లోనే గిన్నెలో పోసి గంటలకొద్దీ మరిగిస్తే ఇల్లు చేపల బజారవుతుంది. దించే ముందు కొద్దిగా కలుపుకోవాలి. అందులో ఉప్పు విపరీతం కాబట్టి రక్తపోటు ఉన్నవారు చెంచాతో కొలిచి పోసుకోవాలి.

ఇల్లు పట్టిన వాసన

మరిగే గిన్నె నుంచి లేచేది ఉత్త ఆవిరి కాదు. కంటికి కనిపించని కొవ్వు తుంపరలు దానితోపాటు లేచి పరదాలకు, గోడలకు, ఆరేసిన బట్టలకు, మన జుట్టుకు అంటుకుంటాయి. మూడో రోజున కూడా వాసన వస్తోందంటే గాలిలో ఉన్నది కాదు అది, గుడ్డలకు పట్టినది. కాబట్టి వంట మొదలుపెట్టే ముందే వంటింటి నుంచి పడకగదికి వెళ్ళే తలుపు మూయండి. ఆరేసిన బట్టలు తీసేయండి. ఎదురెదురుగా రెండు కిటికీలు ఉంటే రెండూ తెరవండి. గాలి లోపలికి రావడానికి దారి లేకపోతే, బయటికి తోసే ఫాను తిరుగుతున్నా పెద్దగా ప్రయోజనం ఉండదు. ఒకటే కిటికీ ఉంటే టేబులు ఫానును బయటివైపు తిప్పి పెట్టి, వంటింటి వేరే తలుపు కాస్త తెరచి ఉంచండి. వంట అయ్యాక పొయ్యి చుట్టూ గోడను సబ్బునీళ్ళతో తుడవండి.

చాలా ఇళ్ళలో దీనికి బదులు నాలుగు అగరుబత్తీలు వెలిగిస్తారు. సాంబ్రాణి పొగ వేస్తారు. లేదా డబ్బాలోని సెంటు చల్లుతారు. ఉన్న వాసన పోదు సరికదా, దానికి పొగ తోడవుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలున్న ఇంట్లో ఈ పని అసలు చేయకండి. ఇంక కట్టెల పొయ్యి మీద గంటలకొద్దీ ఎముకలు కాచే ఇళ్ళలో అసలు శత్రువు వాసన కాదు, పొగ. వంట పొగ వంటి ఇంటిలోపలి కాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొయ్యిని వాకిట్లోకి, పందిరి కిందికి మార్చుకోగలిగితే పొగా వాసనా రెండూ తగ్గుతాయి. వెనకటివాళ్ళు యాట కోసిన రోజున వంట బయటే పెట్టుకునేవారంటే ఊరికే కాదు.

ఎవరికి ఎక్కువ బాధ?

గర్భిణికి మొదటి మూడు నెలల్లో మాంసం ఉడికే వాసన భరించలేనిదిగా ఉండవచ్చు. నిన్నటిదాకా ఇష్టంగా వండినదే ఇవాళ కడుపులో దేవుతుంది. దీన్ని గారాబంగానో పనికి వెనుదీయడంగానో అత్తగార్లు అనుకోవద్దని నా మనవి. ఆ రోజుల్లో వంట ఇంకొకరు చేయాలి. ఇంట్లో మగవాళ్ళు ఉన్నారు కదా! ఆమెకు చల్లారిన ఆహారం కొద్ది కొద్దిగా పెట్టండి. వేడి పదార్థాలకన్నా చల్లారిన వాటికి వాసన తక్కువ. నీళ్ళు కూడా ఇమడకపోతే, మూత్రం బాగా తగ్గి చిక్కటి రంగులో వస్తుంటే, బరువు తగ్గుతుంటే ఇది మామూలు వేవిళ్ళు కాదని గ్రహించి వెంటనే డాక్టరుకు చూపించాలి. పార్శ్వపు నొప్పి ఉన్నవారికి కూడా ఘాటైన వాసన తలనొప్పిని రేపవచ్చు.

వండేవారి సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏ వాసన అయినా కొన్ని నిమిషాలపాటు పీలుస్తూ ఉంటే ముక్కు దానిని లెక్కచేయడం మానేస్తుంది. రెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడిన ఇల్లాలికి ఇంట్లో కంపు ఉన్నట్టే తెలియదు. బయటినుంచి వచ్చినవారు చెప్పాలి. ఒక్కసారి వాకిట్లోకి వెళ్ళి ఐదు నిమిషాలు నిలబడి వస్తే మీకే తెలుస్తుంది. వయసు మీరినవారిలో వాసన శక్తి సహజంగానే మందగిస్తుంది. 2020 తరవాత కోవిడ్ వచ్చి తగ్గినవారిలో కూడా కొందరికి వాసన పూర్తిగా తిరిగి రాలేదు. అలాంటివారు ఒంటరిగా ఉంటూ వండుకుంటున్నప్పుడు, పాచిపోయిన కూరనుగాని లీకయిన గ్యాసునుగాని ముక్కు పట్టిస్తుందని నమ్ముకోకూడదు.

వాసన లేని ప్రమాదం

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన సంగతికి వద్దాం. చాలా ఏళ్ళ క్రితం మా ఇంట్లోనే జరిగింది. దసరా మర్నాడు. పెద్ద గిన్నెడు కాళ్ళ పులుసు రాత్రి ఎనిమిది గంటలకు దించి, మూతపెట్టి, పొయ్యిగట్టు మీదే ఉంచాం. పొద్దున మా అమ్మ మూత తీసి వాసన చూసింది. నేనూ చూశాను. ఏ తేడా లేదు. ఇంకా చెప్పాలంటే రాత్రికన్నా కమ్మగా ఉంది. వేడిచేసి జొన్న రొట్టెతో ఐదుగురం తిన్నాం. సాయంత్రానికి ఒకరి తరవాత ఒకరికి కడుపులో మెలిపెట్టి విరేచనాలు పట్టుకున్నాయి. నలుగురం మర్నాటికి లేచి తిరిగాం. మా నాయనమ్మకు అప్పటికి డెబ్బై దాటాయి. కళ్ళు గుంటలు పడి, మాట సన్నగిల్లి, రెండు రోజులు సెలైను ఎక్కించవలసి వచ్చింది. పులుసు చెడిందని ఆమెకు చెప్పడానికి మాకు నోరు రాలేదు. వాసన చూసి “బాగానే ఉంది” అన్నది మేమే కదా.

ఇలాంటి సందర్భాల్లో చాలాసార్లు కారణం క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి. మా ఇంట్లోనూ అదేనని పరీక్ష చేయించి తేల్చుకోలేదు గాని, లక్షణాలు సరిగ్గా దాని తీరే. ఈ జీవి విత్తనంలాంటి గట్టి గుల్ల కట్టుకుని దాక్కుంటుంది. మామూలుగా మరిగే వేడికి ఆ గుల్ల చావదు. పెద్ద గిన్నెలోని చిక్కటి పులుసు నెమ్మదిగా చల్లారుతూ గోరువెచ్చగా ఉన్న గంటల్లో అది మొలకెత్తి, అనుకూలమైన వేడిలో పది పదిహేను నిమిషాలకు ఒకసారి చొప్పున రెట్టింపవుతూ పోతుంది. గాలి తగలని లోపలి భాగమంటే దానికి మరీ ఇష్టం. వాసన మారదు, రుచి మారదు, రంగు మారదు. కంపు పుట్టించే సూక్ష్మజీవులు వేరు, జబ్బు పుట్టించేవి వేరు. తిన్న 6 నుంచి 24 గంటల్లోపల కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి.

మళ్ళీ తెర్లేదాకా మరిగిస్తే చాలదా? మా వాళ్ళూ వేడిచేశారు, కాని గోరువెచ్చగా. బాగా మరిగిస్తే ఎదిగిన క్రిములు చస్తాయి, నిజమే. కాని చేతుల నుంచి, ముక్కు నుంచి ఆహారంలో పడే స్టెఫిలోకోకస్ వంటి ఇంకో జాతి క్రిములు అప్పటికే విషం విడిచి ఉంటే, ఆ విషం మరిగించినా పోదు. క్రిమి చచ్చినా దాని విషం గిన్నెలోనే ఉంటుంది.

కాబట్టి గడియారాన్ని నమ్మండి. దించిన పులుసు రెండు గంటల్లోపల ఫ్రిజ్జులో చేరాలి. మన వేసవిలోలాగ 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంటలోపలే. పెద్ద గిన్నెను గిన్నెగా ఫ్రిజ్జులో తోస్తే నడిమధ్య భాగం తెల్లవారేదాకా వెచ్చగానే ఉంటుంది. వెడల్పాటి చిన్న పాత్రల్లోకి రెండు మూడు అంగుళాల లోతుకు పోసి, ఆ పాత్రలను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి గరిటెతో తిప్పుతూ ఉంటే పది పదిహేను నిమిషాల్లో వేడి బాగా తగ్గుతుంది. మర్నాడు జున్నులాగ గడ్డకట్టి ఉంటే భయపడకండి, అది జిగురు పదార్థమే. పైన తెల్లగా పేరుకున్న కొవ్వును చెంచాతో తీసేస్తే గుండెకు మంచిది, మిగిలిన మేకవాసన కూడా దానితోనే పోతుంది. మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. తినబోయేంత మాత్రమే తీసి, పొగలు కక్కేలా మరిగించాలి. ఫ్రిజ్జు లేని ఇళ్ళవారు, కరెంటు గంటల తరబడి పోయినవారు ఆ పూటకు సరిపడా వండుకోవడం తప్ప వేరే మార్గం నాకు కనిపించదు. మిగిలితే దించిన వెంటనే పక్కింటికి పంపండి.

మాంసం కొనేటప్పుడు కూడా ఇదే మాట. కుళ్ళిన మాంసాన్ని ముక్కు పట్టిస్తుంది. జబ్బు జీవాన్ని పట్టించదు. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండలో గొర్రెలు ఆంత్రాక్సు వ్యాధితో చనిపోయాయి. ఆంత్రాక్సు సోకిన జీవాన్ని కోసినవారికి, ఆ మాంసం ముట్టుకున్నవారికి చర్మంమీద నడుమ నల్లబడే పుండు లేవవచ్చు. వెంటనే మందులు వాడితే నయమవుతుంది, నిర్లక్ష్యం చేస్తే ప్రాణాంతకం. దానంతటది చచ్చిన జీవాన్ని చౌకగా వస్తోందని కోసి పంచుకునే పని ఎన్నడూ చేయకండి. పశువైద్యునికి కబురు చేయండి.

విరిగిన ఎముకకు కాళ్ళ పులుసు

ఇంత శ్రమపడి ఈ పులుసు కాచేది చాలా ఇళ్ళలో ఎముక విరిగినవారి కోసం. ఎముక తింటే ఎముక అతుక్కుంటుందని నమ్మకం. ఆ మామగారికి మీరు పోస్తున్న గిన్నెలో సున్నం, అంటే కాల్షియం, చాలా తక్కువ. ఎముకలోని సున్నం నీళ్ళలో అంత సులభంగా కరగదు. పెద్ద గ్లాసెడు పాలలో సుమారు 300 మిల్లీగ్రాములు ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాములు ఉంటుంది. పులుసులో ఉండే జిగురు మాంసకృత్తే గాని, శరీరానికి తప్పనిసరి అయిన ఒక ముఖ్యమైన భాగం అందులో లేదు. పప్పు, గుడ్డు, పాలు తోడైతేనే అది పూర్తవుతుంది. ఎండ కూడా కావాలి. అలాగని పులుసు మానమని చెప్పడం లేదు. మంచంలో ఉన్న మనిషికి వెచ్చగా ఒక గిన్నె పోస్తే నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు, అదీ లాభమే. కాని దానినే నమ్ముకుని రాగిజావా పాలూ మానిపించకండి, పిండికట్టు వేసిన డాక్టరు చెప్పిన మందులు ఆపకండి. కీళ్ళవాతంలో గౌటు అనే రకం ఉన్నవారికి మాంసం రసం నొప్పిని పెంచవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తాగాలి. రక్తపోటు ఉన్నవారికి ఉప్పు తగ్గించి వేరే గిన్నెలో తీసి పెట్టండి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములకు మించరాదు.

జాగ్రత్త పడినా ఎప్పుడైనా విరేచనాలు పట్టుకుంటే మొదటి గంటనుంచే ఓఆర్‌ఎస్ ఇవ్వండి. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలకొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్ది కొద్దిగా తాగించండి. ముసలివారికి, పసిపిల్లలకు, గర్భిణులకు, చక్కెర జబ్బు ఉన్నవారికి విరేచనాలు ఆగకపోయినా, రక్తం పడినా, జ్వరం వచ్చినా, మూత్రం రాకపోయినా తెల్లవారనీ అని ఆగవద్దు. రఘునాథపల్లి వారికి జనగామ ఎంతో దూరం కాదు. 108కి ఫోను చేస్తే బండి వస్తుంది.